ఊరంతటికీ కరెంటిచ్చిన పిండిమర

పిండిమర మావయ్య నోరు తెరిచాడంటే టీకొట్టు బెంచీ మీదివాళ్లు గ్లాసులు పక్కన పెట్టేసేవారు. ఆ రోజు మాత్రం ఆయన కోతలు కోస్తున్నది లోపలి బెంగ కప్పిపుచ్చుకోవడానికి. మర కప్పు మీద సోలార్ పలకలు పెట్టించి పద్నాలుగు నెలలైంది. ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగాక, పది రోజుల కిందటే ట్రయల్‌గా లైనుకి కలిపారు. ఇవాళ ఇంజినీరు వచ్చి, చూసి, సంతకం పెడితేనే ఆ కలిపింది నిలుస్తుంది. లేకపోతే దరఖాస్తు మళ్లీ వరస చివరికి పోతుంది. ఆ ఇంజినీరు జాడ ఇంకా లేదు.

“మొన్న గాలికి మిట్టమధ్యాహ్నం ఊరంతా కరెంటు పోయిందా, మా మరలో మాత్రం బల్బు వెలుగుతూనే ఉంది,” అని నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“ఒక్క బల్బేనా మావయ్యా?” అన్నాడు లైన్‌మన్‌గా పనిచేసే మేనల్లుడు, ఎగదోస్తూ.

“ఒక్కటేమిట్రా అల్లుడూ! మర తిరిగింది. పిండి జలజలా రాలింది. ఇంకా కరెంటు మిగిలిపోతుంటే ఏం చెయ్యను? లైన్లోకి వదిలా. వీధిలో ఫ్యాన్లన్నీ గిర్రున తిరిగాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆసుపత్రి వెలిగింది, స్టేషను వెలిగింది, ఆగిపోయిన రైలు కూతపెట్టి కదిలింది. సబ్‌స్టేషన్ పెద్దాయన ఫోను! ‘బాబ్బాబు, కాస్త తగ్గించండి, తీగలు ఉబ్బిపోతున్నాయి’ అని. నేను తగ్గిస్తానా? పక్క ఊరికి మళ్లించా. వాళ్లూ చాలు మొర్రో అన్నారు. ఇంతలో సూర్యుడు మబ్బులోకి పోయాడా, మా కరెంటు ఎదురెక్కి వెళ్లి ఆయన్నే వెలిగించింది!”

“సూర్యుణ్ణే?” పాలు పొంగుతున్నా టీకొట్టావిడ చూసుకోలేదు.

“మరి? ఆ సాయంత్రం మీరు బట్టలారేసుకున్న ఎండ మా మరదే!”

బెంచీ చివర టీ తాగుతున్న అమ్మాయి గ్లాసు పెట్టేసి, సంచిలోంచి ఫైలు తీసింది.

“నేనే ఇంజినీర్ని బాబాయ్‌గారూ. లైన్లో కరెంటు పోతే మీ పలకల కరెంటుని లైనుకి పంపే పెట్టె కూడా దానంతటదే ఆగిపోవాలి. ఆగకపోతే, బాగుచెయ్యడానికి స్తంభమెక్కినవాడి ప్రాణం పోతుంది. మీ బల్బు నిజంగా వెలిగుంటే నేను సంతకం పెట్టను. వెలిగిందా?”

ముప్పై ఏళ్లుగా ఆ బెంచీ మీద అన్న మాట వెనక్కి తీసుకున్న మనిషి కాదు మావయ్య. అందరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు. పాపం, చెవులు ఎర్రబడ్డాయి.

“లేదమ్మా,” అన్నాడు చివరికి. “ఒక్కటీ వెలగలేదు. చొక్కా విప్పుకుని, విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నా.”

“ఇదైనా నిజమని నమ్మేదెలా?”

మేనల్లుడు లేచి వచ్చి మావయ్య భుజం మీద చెయ్యేశాడు.

“నన్ను చూసి నమ్మండి మేడమ్. మా మావయ్య మరకెళ్లే తీగ కరెంటు పోయిన ఆ గంటసేపూ నా చేతుల్లోనే ఉంది.”