పిట్ట ముట్టిందట!

గదేంది సారూ, పిట్ట ముట్టిందని రాసినవట? ఎప్పుడు ముట్టింది? ఎవలు జూసిన్రు? మా ఆయన రాజమల్లయ్య సచ్చిన మూడొద్దుల నాడు ఇస్తరాకుల కూడు వెట్టి, నెత్తిన కొంగేసుకొని నిలవడ్డది నేను గాదా? పొద్దు నడినెత్తికొచ్చినా ఒక్క కాకి వాలలే. ఆఖరికి ఆవుకు వెట్టి ఇంటికొచ్చినం. నీ పుస్తకంలనేమో కాకొచ్చి కడుపునిండ తిన్నదట!

ఈ గెస్టుహౌజు ఛాయ్ నాకొద్దు. నువ్వు తాగు.

ఎట్ల తెల్సిందంటవా? మలయాళంల రాస్తే రామవ్వకేమెర్క అనుకున్నవ్. మా బిడ్డ ఉష పనిజేసే దవాఖానల మీ కేరళ నర్సమ్మ ఉన్నది. ఆమె చేతుల పుస్తకం మీద నీ ఫోటో జూసి, "మా శశిధరన్ సారు!" అని నేనే మురిసిన. గా పిల్లనే సదివి, వచ్చీరాని తెలుగుల జెప్పింది.

మా ఊరికొచ్చిన దినాలు యాదికున్నయా? ఊరు ప్రాజెక్టు నీళ్లల్ల మునుగుతదని, ఖాళీ చేయించనీకె నిన్ను తోలిన్రు. వేరే ఆఫీసర్లు జీపు దిగకపోదురు. నువ్వు మా వాకిట్ల నులకమంచం మీద కూసుంటివి. మా ఆయన చెట్టు దిగి కల్లు వోస్తే, "మా కేరళ దిక్కు గూడ గిట్లనే ఉంటది" అనుకుంట తాగితివి. ఏది జెప్పినా నీ భాషల రాసుకుంటివి.

మేమేమనుకున్నం? సర్కారు కాయిదంల రాస్తుండు, మన బాధ పైకి వోతది అనుకున్నం. అందుకే కడుపుల ఉన్నదంత జెప్పినం. నువ్వు కథ రాసుకుంటున్నవని ఎవలకెర్క సారూ?

ఆయన నిన్ను అడిగింది ఒక్కటే. ఇల్లడగలే, పైస అడగలే. "చెట్లు ఎట్లైనా మునుగుతయి. మా గౌండ్లోళ్ల దేవుడు కాటమయ్యకు కొత్త కాలనీల ఇంత జాగ ఇప్పియ్యి సారూ" అన్నడు. నువ్వు తలూపినవ్. రాసుకున్నవ్.

గా జాగ రాకముందే ఆయన పాయె. పిట్టకు వెట్టిన నాడు నువ్వొచ్చినవ్, అబద్ధమెందుకు ఆడాలె. కాకి వస్తలేదని మావోళ్లంత నీ మొఖమే జూసిన్రు. సచ్చినోని కోరిక తీరుస్తమని మాటిస్తే పిట్ట ముడుతది గదా! "ఇప్పిస్త రాజమల్లయ్యా" అంటే అయిపోతుండె. గంతల నీ ఫోను మోగింది. మాట్లాడుకుంట జీపెక్కినవ్.

పుస్తకంల మాత్రం గా ఆఫీసరు చేతులు జోడించి మాటిచ్చిండట, కాకి వాలిందట! సదువుకుంట నర్సమ్మకు కండ్లల్ల నీళ్లు.

పాతూర్లకెల్లి తెచ్చుకున్న కాటమయ్య ఇప్పుడు యాడున్నడో ఎర్కనా నీకు? బియ్యం సంచిల. మా ఇంటి మెట్లకింద, చీపురు పక్కపొంటి. దీపం వెట్టాలన్నా సిగ్గైతది నాకు.

ఇగ రేపు పుస్తకం తెలుగుల వస్తదట గదా. తెలుగు జేసిన రత్నాకర్ సారు ఇంటికొచ్చిండు. "రామవ్వా, సిద్దిపేటల పెద్ద సభ. స్టేజెక్కి, గిదంత నిజమే అని రెండు ముక్కలు జెప్పాలె" అన్నడు. ఇస్త్రీ చీర కట్టుకొని రమ్మన్నడు. మా కాలనీ అంత సభకు కదులుతున్నది. వాళ్లు గూడ నాతోని గాడ నిలవడి కాకికి ఎదురుజూసినోళ్లే. నేను మైకుల పిట్ట ముట్టలేదంటే నీ ఇజ్జత్ ఏంగావాలె?

లేవకు సారూ. కూసో. బెదిరియ్యనీకె రాలే.

చెప్తా. ముట్టింది, నా కండ్లార జూసిన అని అందరి ముంగట చెప్తా. కాలనీవోళ్లు నా మొఖం మీద ఉమ్మినా సరే. నువ్విప్పుడు హైదరాబాద్ల పెద్ద కుర్సీల ఉన్నవ్. ఒక్క ఫోను గొట్టి కాటమయ్యకు జాగ ఇప్పియ్యి. నేను అబద్ధమాడుత, నువ్వు నీ పుస్తకాన్ని నిజం జెయ్. బేరం అనుకుంటవా? అనుకో.

ఏంది అట్ల జూస్తవ్?

అసలు మాట జెప్పాల్నా? నర్సమ్మ గా పిట్ట ముట్టిన కాడ సదువుతుంటే, అబద్ధమని తెల్సి గూడ నా పాణం సల్లవడ్డది సారూ. "మళ్లొక్కసారి సదువు బిడ్డా" అన్న. మళ్ల సదివిచ్చుకున్న. గింత మంచిగ రాసెటోనివి, గా దినం నోటితోని ఒక్క మాట అననీకె నీకేమైంది?