మబ్బుల దాకా వెళ్లిన లిఫ్టు

లిఫ్టు మేస్త్రి టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే గ్లాసులో టీ చల్లారాల్సిందే గాని ఆయన నోరు చల్లారదు. ఎదుటి మేడకి చక్రాల కుర్చీల లిఫ్టు బిగించింది ఆయనే. ఆ మేడ మీది గదిలో ఒక అమ్మాయి కుట్టు షాపు తెరవాలి. సోమవారానికి మిషన్లు తిరక్కపోతే గది ఇంకొకరికిచ్చేస్తానని ఓనరు తేల్చి చెప్పేశాడు. పొద్దున్నే వెళ్లి లిఫ్టు చూసొచ్చిన ఆ అమ్మాయి తన చక్రాల కుర్చీని బెంచీ పక్కన ఆపుకుని వింటోంది.

మేస్త్రి చిన్నగానే మొదలుపెట్టాడు. ఎక్కడో ఒక పెద్దాయన, కాళ్లు పడిపోయి మేడగదికే అంటుకుపోతే, తను లిఫ్టు బిగించాడట. ఆయన కిందికి దిగి, తన చేత్తో తనే గేటు తీసుకుని వీధిలోకి వచ్చాడట. అంతవరకూ నమ్మొచ్చు. ఆ గేటు తెరుచుకోవడం అమ్మాయికి కళ్లకు కట్టినట్టు కనిపించింది కూడా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆ తర్వాత అదే లిఫ్టులో బీరువా ఎక్కిందట, బీరువా దిగేలోపు గేదె ఎక్కిందట, అయినా కిర్రుమనలేదట, ఇక సందులో ఇరుక్కుపోయిన లారీని లోడుతో సహా డాబా మీదికెక్కించి అవతలి వీధిలో దింపేశాడట.

"డ్రైవరు దిగాడా, లోపలే ఉన్నాడా?" అన్నాడు టీ కొట్టాయన.

"నిద్రపోతున్నాడు బాబాయ్. పాపం లేపడమెందుకని లేపలేదు."

అక్కడితో ఆగితే ఆయన మేస్త్రి ఎలా అవుతాడు. ఆ లిఫ్టు మీట నొక్కి పట్టుకున్నంతసేపూ పోతుంది కదా, ఒకనాడు పెద్దాయన ఏదో ఆలోచిస్తూ వేలు తీయడం మర్చిపోయాడట. డాబా దాటింది, కరెంటు తీగలు దాటింది, మబ్బుల్లోకి పోయింది. చందమామ గడ్డం పట్టుకుని కుశలమడిగి, భోజనం వేళకి దిగొచ్చాడట. చొక్కాకి అంటుకున్న వెన్నెల ఎన్ని ఉతుకులు ఉతికినా వదల్లేదట.

అందరూ పడీపడీ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. ఆ వెన్నెల చొక్కా మీద ఒక్క క్షణం మనసు పోయిందేమో గాని, వెంటనే లాక్కుంది.

"అన్నా, మబ్బుల దాకా వెళ్లిన లిఫ్టుని ఒక్క అడుగు కిందికి దిగమను."

మేస్త్రికి అర్థం కాలేదు. ఆమే విడమరిచింది. వాననీళ్లు రాకూడదని గట్టు కట్టి, లిఫ్టుని దాని మీద పెట్టావు. లిఫ్టు ఎక్కాలంటే ముందు నేను ఆ గట్టెక్కాలి. గట్టే ఎక్కగలిగితే నీ లిఫ్టుతో నాకేం పని?

బెంచీ మీద నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మేస్త్రి తడుముకుని, అదెంత పని చెల్లీ, మేమంతా కుర్చీతో సహా ఎత్తేస్తాం అన్నాడు. ఇద్దరు ముగ్గురు చొక్కా చేతులు మడుస్తూ లేచారు కూడా.

ఆమె చక్రాలకి బ్రేకు వేసింది.

"ఎవరూ నా కుర్చీ ముట్టుకోవద్దు. నేను బస్తాని కాదు. రోజూ ఎవరో ఒకరు మోస్తే వెళ్లే షాపు నాకొద్దు. ఆ గట్టు కొట్టి వాలు పోసేదాకా నేను ఆ మేడ గేటుకి అడ్డంగా కూర్చుంటాను. ఓనరు కారు ఎలా బయటికొస్తుందో చూస్తాను."

అనడమే కాదు, కుర్చీ తిప్పుకుని రోడ్డు దాటి, గేటు మధ్యలో ఆపేసింది. మేస్త్రి టీ అక్కడే వదిలేసి, సంచిలోంచి తాపీ తీసి పట్టుకుని వెనకాలే వచ్చాడు. గట్టు వైపు చూశాడు, ఆమె చక్రాల వైపు చూశాడు.

"వాలు ఎంత ఉండాలి చెల్లీ?" అన్నాడు, ఆ గొంతు ఆయనదేనా అన్నంత నెమ్మదిగా.

"నేనొక్కదాన్నే ఎక్కేంత."