జేబులో మిగిలిన తథాస్తు

బుల్లయ్య కోసిన కోతలన్నీ తెచ్చి ఆరబోస్తే అద్దంకి రోడ్డు మీద బస్సు తిరిగే చోటు కూడా మిగలదని ఊళ్లో అంటారు. అయినా ఆయన వస్తున్నాడంటే టీకొట్టు బల్ల మీద అందరూ జరిగి చోటిస్తారు.

ఆ సాయంత్రం మాత్రం కొట్టు నడిపే గౌస్ బాషాకి ఆయన్ని చూడగానే ఒళ్లు మండింది. ఉన్న బాధ చాలదన్నట్టు ఇప్పుడీ కోతలొకటా! గౌస్ ఆ ఏడే మొదటిసారి కౌలుకి మిరప వేశాడు. కాలవ అవతల కళ్లంలో కాయంతా పరిచి ఉంది. పొద్దున నిప్పులు చెరిగిన మార్చి ఎండ మధ్యాహ్నం తిరిగేసరికి మాయమై, నైరుతి మూల కారుమబ్బు లేచింది. ఒక్క జల్లు పడితే చాలు, ఎర్రకాయ తెల్లబడి తాలైపోతుంది. కప్పడానికి ఉన్న పట్టా చిరుగులపుట్ట. పట్టా లేకుండా కుప్ప పోస్తే తడిసి లోపల్లోపలే ముక్కిపోతుంది. ఊళ్లో ఎవరి పట్టాలు వాళ్ల కాయకే చాలటం లేదు. భార్య షాజాదీ అద్దంకిలో అక్కని అడిగి తెస్తానని వెళ్లింది. ఆ బస్సు ఇంకా రాలేదు.

బుల్లయ్య వస్తూనే టీ అడక్కుండా బకెట్లో నీళ్లు ముంచుకుని మోచేతుల దాకా పోసుకున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"వాన తప్పేటట్టు లేదు బాబాయ్," అన్నాడు బల్ల మీదున్న అంకమ్మరావు.

"ఒరేయ్, నోరు ముయ్! సందెవేళ ఆ మాట అంటారా ఎవరైనా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. మంచైనా చెడైనా, అన్నమాటకల్లా తథాస్తు అనేసి పోతారు. నాకు తెలవదా? వాళ్లలో ఒకాయన్ని నా టీవీఎస్ బండెక్కించుకుని తెచ్చినోణ్ణి!"

"ఇంకేం, మొదలైంది," అన్నాడు పేరయ్య. అప్పుడే కాలవ వైపు నుంచి నడిచొచ్చి, బల్ల చివర కూర్చున్నాడు.

"మొదలు కాదురా, అనుభవం! అద్దంకి నుంచి వస్తున్నా. దారిలో తెల్లబట్టల పెద్దాయన గొడుగేసుకుని చెయ్యెత్తాడు. పాపం ముసలాయన కదాని ఎక్కించుకున్నా. ఎక్కినట్టే లేదు, దూదిపింజ! ఏం పని చేస్తారండీ అంటే, తథాస్తు అంటానయ్యా, ప్రకాశం జిల్లా అంతా నాదే, గుంటూరు వైపు మా బావమరిది చూస్తాడు అన్నాడు. నన్ను మోశావు గనక ఈ వారమంతా నువ్వేమంటే అది జరుగుద్ది పో అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండిలో పెట్రోలు నిండుకుంది. దేవుడా, ఇంకెక్కడా ఆగకుండా పోతే చాలన్నా."

"ఆగలా?"

"ఆగితేగా! మా వీధి గుమ్మంలోంచి దూరి పెరటి గుమ్మంలోంచి బయటపడింది. మీ పిన్ని సుబ్బరావమ్మ చారు పోస్తుంటే గరిటె పట్టుకుని చూస్తా ఉండిపోయింది. పిడుగురాళ్ల సున్నం బట్టీల మధ్యలోంచి పోయి తెల్లగా మారా. తాడేపల్లి దగ్గర కృష్ణలో పడితే సున్నం ఉడికి, అక్కడి జాలర్లకి ఉడికిన చేపలే దొరికాయి ఆ పూట!"

అంకమ్మరావు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. గౌస్ మాత్రం రోడ్డు వైపే చూస్తున్నాడు. ఎక్కడో సన్నగా ఉరిమింది. బుల్లయ్య ఆ చప్పుడు వినపడకుండా గొంతు పెంచాడు.

"మర్నాడు మిరప బస్తాలు వేసుకుని గుంటూరు పోయా. మన కాయ ఘాటుకి మిర్చి యార్డు దద్దరిల్లాలి అన్నా, ఊరికే, సరదాకి. వెంటనే పైనుంచి తథాస్తు! ఒక్కడు తుమ్మాడు. ఆణ్ణి చూసి కమీషను దుకాణాల వాళ్లు, హమాలీలు, ఎద్దులు, అందరూ ఒక్కసారే తుమ్మారు. ఆ గాలికి స్టేషన్లో నిలబడ్డ రైలు ఇంజను తగిలించకుండానే తెనాలి చేరింది! కొనేవాడేడీ? ముక్కులు పట్టుకుని పరారు. కాయ వెనక్కి తెచ్చుకున్నా."

"అయ్యో!"

"అది అయ్యో కాదు, అసలు అయ్యో ముందుంది. పత్తిలో పురుగు పడితే విసుగొచ్చి, రేపటి నుంచి నా కంటికి పురుగు కనపడకూడదన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కనపడలా. కానీ ఉంది! మట్టమధ్యాహ్నం చేలో నిలబడితే చుట్టూ కరకర, కరకర. నా కళ్లముందే ఆకు అంచు నుంచి అరిగిపోతా ఉంది, తినేది మాత్రం కనపడదు. మందు కొడదామంటే ఎక్కడని కొడతా? నా చొక్కా కాలరు కూడా కరకరమంటంటే, ఒరేయ్, ఒళ్లంతా చల్లబడిపోయిందిరా."

అంకమ్మరావు మెల్లిగా తన కాలరు తడుముకున్నాడు.

"మరెట్టా పోయాయి?"

"పైరు మానేసి టీ తాగి బతకండర్రా అన్నా. అందుకే గౌసు గ్లాసులో టీ ఎప్పుడూ సగమే ఉండుద్ది!"

ఇంకో రోజైతే గౌస్ గరిటె పట్టుకుని మీదికొచ్చేవాడే. ఇవాళ నవ్వనూ లేదు, తిట్టనూ లేదు.

బుల్లయ్య అతని వంక చూసి తగ్గాడు. "ఆయన పోతా పోతా ఒకటి చెప్పాడు అబ్బాయ్. కోరి తెచ్చుకున్నది కొరివిలా కాలుద్ది, జాగ్రత్త అని. ఒక తథాస్తు మాత్రం నా జేబులో మిగిల్చిపోయాడు. చేతులు చూడు, దాన్ని పట్టుకున్నందుకు ఇప్పటికీ ఎట్టా మండుతున్నాయో!" అంటూ రెండు చేతులూ ఊదుకున్నాడు.

గౌస్ స్టవ్ తగ్గించి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఉంటే నాకియ్యి బాబాయ్. నా కాయ తడవకూడదని ఒక్క మాట అను. ఆ కాయ పోతే వచ్చే ఏడు నాకు ఎవరూ సెంటు భూమి కూడా కౌలుకివ్వరు."

"అది... అట్టా అనకూడదురా. తడవకూడదంటే కాలవ కూడా ఎండిపోయిద్ది..." అని నసిగి బుల్లయ్య తల దించుకున్నాడు. రేకు మీద టప్పుమని మొదటి చినుకు పడింది. గౌస్ కళ్లం వైపు ఉరకబోతే పేరయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఎక్కడికి? కూర్చో. ఆ తథాస్తు ఇందాకే వాడేశాడీయన. నీలం రంగులో ఉంది. కాలవ మీదుగా వస్తా చూశాగా! నీ కాయంతా ఒక్కడే కుప్పకి తోసి, మీద కప్పి, చుట్టూ రాళ్లు పేరుస్తున్నాడు. దేవుణ్ణి పట్టుకుంటే చేతులు మండవు బాబాయ్, మిరపకాయ తోస్తే మండుతాయి."

"నీలం పట్టానా?" అంకమ్మరావు నోరు తెరిచాడు. "అది సుబ్బరావమ్మ పిన్ని గడ్డివామి మీదది కదా!"

"ఆమెని అడిగితే ఇచ్చిద్దా? నా సున్నం బట్టీ కథకే గరిటె ఎత్తుద్ది," అన్నాడు బుల్లయ్య నేల చూపులు చూస్తూ.

గౌస్ కళ్లు నీళ్లతో నిండాయి. ఇంతసేపూ విసుక్కున్నది ఈ మనిషినా అని సిగ్గేసింది. ఏదో అనబోయేలోపు హారన్ మోగిస్తూ అద్దంకి బస్సు ఆగింది. షాజాదీ నెత్తిన పట్టా చుట్టతో దిగి, కంగారుగా కాలవ వైపు తిరిగింది. గౌస్ ఎదురెళ్లి పట్టా లాక్కుని భుజాన వేసుకుని, కాలవ వైపు కాదు, బుల్లయ్య ఇంటి వైపు పరుగెత్తాడు. చినుకులు చిక్కబడుతున్నాయి.

బుల్లయ్య పంచె ఎగ్గట్టి వెనకాలే ఉరికాడు. "నెమ్మదిరా గౌసూ! వామి తడిసిందో, ఇవాళ మీ పిన్ని నాకు అన్నం పెట్టదు!"

బల్ల మీద నుంచి పేరయ్య, అంకమ్మరావు ఒక్క గొంతుతో అన్నారు:

"తథాస్తు!"