గట్టు మీద కారు

సముద్రపు గట్టు చివర కాఫీకొట్టు. పడుకుని తొక్కే సైకిల్‌ను గోడకానించి సీట్‌స్కే విసురుగా లోపలికొచ్చింది. కాఫీ తాగుతున్న హార్మెన్ ముందు ఫోన్ పెట్టింది.

“సైకిల్ వేగాలు లెక్కగట్టే యాప్‌లో, గట్టు రోడ్డు మీద నా రికార్డు తీసేశారు. అది సైకిల్ కాదు, కారని ఫిర్యాదట! నువ్వే కదూ? కడుపుమంట చల్లారిందా?”

“నేనే. నేనూ పడుకునే తొక్కుతాగా! గంటకి యాభై రెండు కిలోమీటర్లంటే ఎవడు నమ్ముతాడు?”

“వెనకగాలి తోసింది. ఆ గాలి కోసం మూడు వారాలు కాచుక్కూచున్నాను!”

“గాలికైనా ఓ హద్దుండదా?”

“సరే. ఆ పొద్దునే నాకంటే నాలుగే సెకన్లు ఎక్కువ తీసుకుని గట్టు దాటి, రెండో స్థానం కొట్టిందెవరు?”

“...నేనే.”

“ఇప్పుడు మొదటి స్థానం?”

“నాదే.”

“మరి నాది కారైతే, దాని వెనక తాడు కట్టుకుని వచ్చావా హార్మెన్?”