రెండు గీతల గడి

కోడలికి ముక్త్యాల ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. మామగారు వద్దని తేల్చేశారు. ఇంతకీ అదేం చదువో చూస్తానని అత్తగారు జగ్గయ్యపేటలో బస్సెక్కి, కోడలి వెంట నందిగామ కంప్యూటర్ సెంటర్‌కి వచ్చింది. కోడలు తను తయారుచేసిన, జీతాల వివరాలు ఎక్కించే గళ్ళ స్క్రీన్ చూపించింది.

“ఆర్నెల్ల నుంచి బస్సుల్లో తిరిగి నేర్చుకుంది ఈ గళ్ళు గీయడమా?”

“అంచులు కుదరడం కష్టమండీ అత్తయ్యా. మూలల దగ్గర గీతలు ఒక పట్టాన కలవవు.”

“చీర అంచయితే పదిమందీ చూస్తారు. దీన్నెవరు చూస్తారు? అదేంటి, ఆ ఒక్క గడికే రెండు గీతలు? దానికేం ఎక్కువ?”

“ఇప్పుడు మనం ఏం కొట్టినా అందులోనే పడుతుంది. మిగతావి వాటి వంతు వచ్చేదాకా ఖాళీగా ఉంటాయి.”

“అచ్చం మనిల్లే. రెండు గీతలూ మీ మామయ్య చుట్టూనే. నేను కాపరానికొచ్చినప్పట్నించీ ఇటు జరిగింది లేదు.”

కోడలు నవ్వు ఆపుకుంది. నవ్వితే ఏ మాట పడుతుందో తెలియదు.

“పక్క గడికి జరపాలంటే?”

“ఈ బటన్ నొక్కాలి.”

అత్తగారు వేలు కొంగుకి తుడుచుకుని నొక్కింది. రెండు గీతలూ పక్క గడి చుట్టూ చేరాయి.

“ఇంతేనా? ఇన్నాళ్ళూ ఏదో బ్రహ్మవిద్య అనుకున్నా. ఫ్యాక్టరీవాళ్ళు ఎప్పుడు రమ్మన్నారు?”

“సోమవారం. మామయ్యగారు వద్దన్నారుగా.”

“ఆయన గడిలో ఆయన ‘వద్దు’ అని కొట్టుకున్నారు. ఇప్పుడు గీతలు నా గడికొచ్చాయి. ‘సరే’ అని ఎలా కొట్టాలో చూపించు.”