వెనకనుంచి పిలవని బిడ్డ

విడాకులకొచ్చిన మొగుడూ పెళ్ళాలు నెల్లూరు కోర్టులో సైకాలజిస్టు మేడం గది బయట ఒకే బెంచీకి చెరో కొసన కూర్చున్నారు. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో తేల్చడానికి మేడం ఇద్దరినీ విడివిడిగా బిడ్డతో ఆడించి చూస్తోంది. మొగుడి వంతు అయిపోయింది. పెళ్ళానికి కూర్చోబుద్ధీ కావడం లేదు, లేవబుద్ధీ కావడం లేదు.

"బాగా ఆడుకునిందా?"

"నా భుజమెక్కి దిగలా. ఆఖర్న మేడం నన్ను బయటికి పొమ్మనింది. నేను లేస్తానే అనూష గోడపక్కకు తిరుక్కునింది. ఏడవలా, పిలవలా. మేడం అది చూసి ఏందో రాసుకునిందిమే."

"సముద్రం మీద చేపలవేటకు పొయ్యే మనిషిని వెనకనుంచి పిలవకూడదని నువ్వు చెప్పలేదా? మైపాట్లో చంటిబిడ్డకు కూడా తెలుసు గదయ్యా!"

"మేడం మొహం చూస్తే నాకు నోరు పెగల్లేదు. నువ్వు చెప్తావా?"

"నేనా, నీ తరఫునా? మా లాయరు నన్ను సముద్రంలో తోస్తాడు."

"అట్టయితే వద్దులే."

తలుపు తీసి ఆమెను పిలిచినారు. ఆమె లేచి, రెండడుగులేసి ఆగింది.

"దాన్ని అట్ట గోడకు తిప్పింది ఎవురో తెలుసా?"

"మా అమ్మ."

"నేను. తుఫానంటే వినకుండా నువ్వు పడవెక్కిన రోజు, 'నాయనా' అని అరవబోతే దాని నోరు ఈ చేత్తోనే మూసినా."

ఆమె తలుపు దాకా పొయ్యి వెనక్కి తిరిగింది.

"బిడ్డ నాకే కావల్ల. ఆ మాటా చెప్తా. నాయనంటే దానికి పట్టదని మేడం రాస్తే మటుకు ఊరుకోను."