వంతెన మీద వీపు

"ఆ నాలుగూ నేను చూసేశాను," అన్నాడు ప్రివ్యూ, టైలర్ కొట్టు ముందున్న బెంచీ మీద సంచి పడేసి పక్కనే కూలబడుతూ.

రోడ్డుకి అవతల సినిమా హాలు గోడ మీద 'త్వరలో' అన్న పెద్ద అక్షరాల కింద నాలుగు పోస్టర్లు అప్పుడే అంటించి వెళ్లారు. జిగురు ఇంకా ఆరలేదు. వచ్చే రెండు నెలల్లో ఆ హాల్లో ఆడబోయే బొమ్మలు అవే. ఇంకా ఎక్కడా విడుదల కాలేదు. అయినా ప్రివ్యూ చూసేశాడు. అతను ప్రతి సినిమా అందరికంటే ముందే చూసేస్తాడు, అందుకే ఆ పేరు. అసలు ఉద్యోగం కరెంటు మీటర్ల రీడింగు తీయడం. నెలకోసారి హాలు వెనక మెట్ల కిందున్న మీటరు దగ్గరికెళ్లి నాలుగంకెలు రాసుకొస్తాడు. ఆ ఐదు నిమిషాల చనువుకే సినిమా పరిశ్రమంతా తన జేబులో ఉన్నట్టు మాట్లాడతాడు.

టైలర్ మాష్టారు తలెత్తలేదు. సుద్దతో గుడ్డ మీద గీత గీస్తూ, గోడ గడియారం వైపు మాత్రం ఓ చూపు చూశాడు. పదకొండు దాటి పది నిమిషాలు.

పన్నెండు లోపు మేనకోడలు యూనిఫాంల ఫ్యాక్టరీకి వెళ్లి పేరు రాయించుకోవాలి. వీధి చివరే ఫ్యాక్టరీ. కుట్టేవాళ్లు కావాలని వాళ్లు ఒకసారి పిలిస్తే ఆ పిల్ల వెళ్లలేదు. రెండోసారి పిలిచి ఈ రోజు మధ్యాహ్నం దాకా గడువిచ్చారు. ఆమె మాత్రం మాష్టారి పక్క మిషన్ దగ్గర కూర్చుని తాపీగా కాజాలు కుడుతోంది. కారణం ఈ బెంచీ మీద కూర్చున్న మనిషే. నెల కిందట ఇక్కడే కూర్చుని, "సినిమా కంపెనీలో దుస్తుల విభాగం మొత్తం చూసే మేడం నాకు బాగా తెలుసమ్మా, నేను ఉత్తరం ఇస్తే కళ్లకద్దుకుని చేర్చుకుంటుంది," అన్నాడు. ఆ ఉత్తరం రేపిస్తా, ఎల్లుండి ఇస్తా అంటూనే ఉన్నాడు. పిల్ల ఎదురు చూస్తూనే ఉంది.

ఇంట్లో మాష్టారు చెప్పి చూశాడు. "వాడి నోట్లోంచి వచ్చేదంతా గాలే తల్లీ."

"గాలని నీకెలా తెలుసు మామయ్యా? అబద్ధమని ఒక్కటి చూపించు, మానేస్తాను," అంది. చూపించడానికేముంది? ప్రివ్యూ చెప్పేవన్నీ ఎక్కడో దూరంగా, ఎవరూ చూడని చోట జరిగినవే.

పక్క కొట్టు మంగలి దువ్వెన చెవి మీద పెట్టుకుని వచ్చి గుమ్మానికి చేరగిలబడ్డాడు. హాల్లో టికెట్లు చింపే గేటు పెద్దాయన ఆటకింకా టైముందని టీ గ్లాసు పట్టుకుని ఇటు వచ్చాడు. ముగ్గురు దొరికారు. ప్రివ్యూకి ఇంక కావల్సిందేముంది?

"మొదటిది కవలల కథ," అన్నాడు వేలు చూపిస్తూ. "ఆ హీరోకి ఒక్క వేషమే చేతకాదు, రెండిచ్చారు. రెండోది దెయ్యం బొమ్మ. అందులో దెయ్యానికే విసుగొచ్చి ఇంటర్వెల్‌కి ఇల్లు ఖాళీ చేసి పోతుంది, మిగతా సగం ఖాళీ ఇల్లు చూపిస్తారు. మూడోది యుద్ధం. ఈ పక్క సైన్యం, ఆ పక్క సైన్యం ఒకళ్లే. టోపీలు మార్చుకుని అటు పరిగెత్తి, వాళ్లని వాళ్లే కొట్టుకుంటారు. చెత్త. కానీ ఆ నాలుగోది ఉంది చూశారూ?"

నాలుగో పోస్టరు మిగతా మూడింటికంటే పెద్దది. పొడవాటి వంతెన మీద ఒక మనిషి నడిచి వెళ్లిపోతుంటాడు. మొహం కనపడదు. తెల్ల చొక్కా, విశాలమైన వీపు, అంతే.

"ఆ వీపు ఎవరిదనుకుంటున్నారు?"

"హీరోది," అన్నాడు గేటు పెద్దాయన.

"నాది," అన్నాడు ప్రివ్యూ.

మాష్టారి చేతిలో సుద్ద ఆగింది. పోస్టరు వైపు చూశాడు. బెంచీ మీద మనిషి వైపు చూశాడు. మళ్లీ పోస్టరు వైపు చూశాడు. ఇన్నాళ్లకి ఒకటి దొరికింది. చెప్పెయ్యాలని మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ టేపు చేతికిచ్చిన రోజునే వాళ్ల నాన్న చెప్పిన మాట గొంతుకి అడ్డం పడింది: కొలతలో కనపడింది కొట్టు దాటకూడదురా. పొట్ట ఎంతుంది, ఏ కాలు పొట్టి, నడుం ఎంత వంగింది, అవన్నీ టైలరుకీ ఆ మనిషికీ మధ్య ఉండాల్సినవి. ముప్పై ఏళ్లుగా ఆ మాట తప్పలేదు. పళ్లు బిగించి గీత పూర్తి చేశాడు.

"ఉన్నమాట చెప్తున్నా, నాకసలు సినిమాలంటే అంత మోజు కూడా లేదు," అని మొదలుపెట్టాడు ప్రివ్యూ. "ఆ వంతెన పక్కన పంపుల గది ఉంటుంది, మీటరు చూద్దామని వెళ్లాను. అక్కడ షూటింగు. నాకేం, నా పని నాది. వంగి అంకెలు రాసుకుంటున్నాను. వెనకనుంచి 'ఎవరిదా వీపు?' అని కేక. తిరిగి చూస్తే డైరెక్టరు. 'తిరక్కండి, దయచేసి అలాగే ఉండండి' అంటాడు. ఇరవై ఏళ్లుగా ఇలాంటి వీపు కోసం వెతుకుతున్నాడట."

"మొహం వద్దన్నాడన్నమాట," అన్నాడు మంగలి.

"మొహాలు చాలా ఉన్నాయన్నాడు. వీపులే దొరకడం లేదట. సరే, ఒక్కసారి నడవండి అన్నాడు, నడిచాను. పది అడుగులు. ఏమైందో తెలుసా? లైట్లు పట్టుకున్న కుర్రాళ్లు ఏడుస్తున్నారు. లైట్లు వణికిపోతున్నాయి. మేకప్ ఆవిడ వచ్చి 'ఈ వీపుకి నేను చేయగలిగిందేం లేదు' అని పెట్టె మూసేసి ఇంటికెళ్లిపోయింది. ఇంతలో హీరో కారు దిగాడు. నా నడక చూశాడు. నా రెండు చేతులూ పట్టుకుని 'అన్నా, నాకు నేర్పు' అన్నాడు. పన్నెండు రోజులు నేర్పాను. వస్తే కదా. మొహం చూపించి బతికిన మనిషికి వీపుతో నటించడం ఎలా వస్తుంది? పదమూడో రోజు అతనే డైరెక్టరుతో చెప్పాడు, 'నా మొహం తీసేయండి, ఆయన వీపు వేయండి' అని."

"పన్నెండు రోజులు డ్యూటీకి వెళ్లలేదా మరి?" అన్నాడు గేటు పెద్దాయన. "మా హాలు మీటరు మాత్రం టైముకే చూశారే."

"మధ్యలో వచ్చి చూసి వెళ్లాను. అప్పుడు మీరు టీకి వెళ్లారు."

మేనకోడలు కాజా కుట్టడం ఆపి వింటోంది. మాష్టారు గడియారం చూశాడు. పదకొండున్నర. "అమ్మాయ్, ఫ్యాక్టరీ," అన్నాడు మెల్లగా. ఆమె చేత్తో ఆగమంది. కళ్లు రోడ్డుకి అవతల పోస్టరు మీదే ఉన్నాయి. ఇక ఈ పిల్ల నా చేయి దాటిపోయింది, అక్కకి ఏం సమాధానం చెప్పాలి అనుకున్నాడు మాష్టారు. ప్రివ్యూ మీద ఒళ్లు మండింది.

"అసలు సంగతి ముందుంది," అన్నాడు ప్రివ్యూ, గొంతు తగ్గించి. "వంతెన మీంచి దూకాలి. కింద చూస్తే నదిలో నీళ్లు లేవు. మీరైతే ఏం చేస్తారు?"

"ఇంటికెళ్తాం," అన్నాడు మంగలి.

"నేను ఆనకట్ట ఇంజనీరుకి ఫోన్ చేశాను. వాళ్లింటి మీటరు నేనే చూస్తాను. రెండు గేట్లెత్తాడు. నీళ్లు బయల్దేరాయి, నేనూ దూకాను. దూకుతున్నాను, దూకుతున్నాను, ఇంతలో పైనుంచి 'రీలైపోయింది' అని కెమెరా వాడు. ఏం చెయ్యను? ఆగాను."

"ఎక్కడ?"

"గాలిలోనే. చేతులు చాపుకుని. వాళ్లు రీలు మార్చారు. టీ తాగారు. నీళ్లింకా రాలేదని ఇంకో టీ తాగారు. అప్పుడు డైరెక్టరు 'ఇక రండి' అన్నాక మిగతాది దూకాను. మునగలేదు. వీపు మీదే తేలుకుంటూ మూడూళ్లు దాటాను. దారి పొడుగునా జనం ఒడ్డున నిలబడి చూస్తున్నారు, చేపలు కూడా పక్కకి తప్పుకున్నాయి."

మంగలి దువ్వెన కిందపడింది. తీసుకోలేదు. నవ్వు ఆపుకోడానికి గుమ్మం గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ తర్వాత ఇంక నన్ను వదల్లేదు. హీరోయిన్ అలిగి వెనక్కి తిరుగుతుంది చూడండి, ఆ వీపు నాదే. విలన్ తలుపు తీసుకుని వెళ్లిపోతాడు, అదీ నాదే. చివర్లో ఐదొందల మంది జనం ఊరొదిలి వెళ్లిపోతుంటారు. ఎవరు వాళ్లు? నేనే. ఒక్కణ్ణే ఐదొందలసార్లు నడిచాను. ఒక్క నడక ఇంకో నడకలా ఉండదు."

"గుర్రాలేమన్నా ఉన్నాయా అందులో?" అని అడిగాడు గేటు పెద్దాయన.

ప్రివ్యూ ఓ క్షణం ఆలోచించాడు. "ఉంది ఒకటి. దానికి జ్వరమొచ్చింది." వినయంగా తల దించుకున్నాడు. "జీను కాస్త ఒరుసుకుందనుకోండి."

మేనకోడలు లేచింది. మెళ్లో వేసుకున్న టేపు తీసి చేతికి చుట్టుకుంటూ బయటికొచ్చింది.

"బాబాయ్, విడుదల రోజు వేసుకోవడానికి మీకు కొత్త చొక్కా కావాలి కదా. లేవండి, కొలతలు తీస్తాను."

"పాతవి ఉన్నాయిగా అమ్మా, మీ మామయ్య దగ్గర."

"ఇప్పుడు మీరు బొమ్మలో మనిషి. కొత్తగా తీయాలి."

ప్రివ్యూ మహదానందంగా లేచి, రోడ్డు వైపు తిరిగి, పోస్టరులో మనిషిలాగే నిలబడ్డాడు. వీళ్లందరికీ వీపు పెట్టి.

మాష్టారికి అర్థమైంది. "అమ్మాయ్, వద్దు," అన్నాడు. ఆమె వినలేదు.

టేపు ఒక చివర నేల మీద కాలితో తొక్కిపెట్టి, చొక్కా మీద వేళ్లతో గట్టిగా నొక్కి, రెండో చివర భుజం ఎముక దాకా లాగింది. "కుడి భుజం, యాభై ఆరు." తర్వాత రెండో పక్కకి వచ్చింది. "ఎడమ భుజం, యాభై అయిదూ పావు."

కాలు తీసి టేపు పైకి లాగింది.

"ముప్పావు అంగుళం కిందికుంది బాబాయ్. మీటర్ల పుస్తకాలు, పనిముట్లు వేసుకుని ఆ సంచి ఇన్నేళ్లు ఒకే భుజానికి మోశారు కదా, దిగిపోయింది. మామయ్య మీ ప్రతి చొక్కాలోనూ ఎడమ భుజం కింద దూది పెట్టి కుడతాడు. పోయిన రెండు చొక్కాలకీ నేనే పెట్టాను." టేపు చివరతో పోస్టరు చూపించింది. "అక్కడ చూడండి. ఆ భుజాలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. అది వేరే ఎవరి వీపో."

"కెమెరా," అన్నాడు ప్రివ్యూ, వెనక్కి తిరక్కుండానే. "కెమెరా కాస్త పక్కనుంచి పెడితే..."

"ఐదొందల సార్లూ పక్కనుంచే పెట్టారా?"

మంగలి నవ్వబోయి, ఎందుకో ఆగిపోయాడు. గేటు పెద్దాయన ఖాళీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"బాబాయ్, ఒక్కటడుగుతాను," అంది పిల్ల. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని మాష్టారికనిపించింది. "ఆ దుస్తుల మేడం. ఆవిడ ఉందా?"

ప్రివ్యూ ఇటు తిరిగాడు. సంచి పట్టీ సర్దుకున్నాడు. "ఉంటుందమ్మా," అన్నాడు. "ప్రతి సినిమాకీ ఎవరో ఒకరుంటారు కదా."

ఆమె కాసేపు అతని మొహం చూసింది. తర్వాత టేపు తీసుకెళ్లి మామయ్య బల్ల మీద పెట్టి, బట్టల మీది దారప్పోగులు దులుపుకుని, చెప్పులేసుకుంది. "నెల పోయింది," అంది, ఎవరితోనో కాదు, తనతోనే. పన్నెండుకి ఇరవై నిమిషాలుంది. వీధి చివరి వైపు నడిచింది. పరిగెత్తలేదు గానీ, దాదాపు పరుగే. మొదటిసారి పిలిచినప్పుడే వెళ్లుంటే కిటికీ పక్క మంచి మిషన్ దొరికేదట. ఇప్పుడు మిగిలింది ఇస్త్రీ బల్లల పక్కన, ఆవిరి కొట్టే చోట. అయినా సోమవారం నుంచి రమ్మన్నారు. ఆ సంగతి మాష్టారికి సాయంత్రం దాకా తెలీదు.

మంగలి దువ్వెన తీసుకుని తన కొట్లోకి వెళ్లాడు. హాల్లో మొదటి గంట కొడితే గేటు పెద్దాయనా కదిలాడు. పోతూ పోతూ, "మా హాల్లో వేసే బొమ్మ ఏదీ ఇంత బాగుండదండీ," అన్నాడు, మాటవరసకి అన్నట్టు.

కొట్టు ముందు ఇద్దరే మిగిలారు. మాష్టారు కత్తెర తీసుకుని గీత వెంబడి గుడ్డ కత్తిరిస్తున్నాడు. ఇక వెళ్లిపోతాడులే అనుకున్నాడు. వెళ్లలేదు. ప్రివ్యూ కుడి చేత్తో ఎడమ భుజం తడుముకుంటున్నాడు. చొక్కా కుట్టు కింద మెత్తగా తగిలింది. వేళ్లతో నొక్కి చూశాడు.

"మాష్టారూ, ఈ దూది అందరికీ పెడతారా?"

ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. నెలరోజులుగా విన్నవాటి ముందు అదెంత? కానీ మాష్టారికి అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"లేదు. మీకే."

"ఎన్నాళ్లనుంచి?"

"ఏడేళ్లు."

ప్రివ్యూ తలూపాడు. "మీ చొక్కాలు నాకు బాగా కుదురుతాయని అందరికీ చెప్పేవాణ్ణి," అన్నాడు. ఆ రోజు అతను ఆడిన మాటల్లో మాష్టారు నమ్మింది అదొక్కటే.

సంచి తీసుకున్నాడు. ఎడమ భుజానికి తగిలించుకోబోయి ఆగి, కుడి భుజానికి మార్చుకున్నాడు. రెండడుగులు వేసేసరికి అలవాటు లేక అది జారింది. మళ్లీ ఎడమకే వేసుకున్నాడు.

"కొత్త చొక్కా సంగతి చెప్పండి," అన్నాడు మాష్టారు, కత్తెర ఆపకుండా. "దూది పెట్టమంటారా, వద్దా?"

ప్రివ్యూ రోడ్డు మధ్యదాకా వెళ్లి, అక్కడ ఆగి, ఆ పెద్ద పోస్టరులోని వెడల్పాటి భుజాల వైపు చూశాడు.

"పెట్టండి," అన్నాడు. "ఈసారి రెండు పక్కలా పెట్టండి."